తాగని వాళ్ళింట్లో షేకర్లు

మా ఇంట్లో ఎవరూ తాగరు. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. ఎందుకంటే మా హాల్లో అద్దాల బీరువాలో వున్నవి పదకొండు కాక్‌టెయిల్ షేకర్లు. అందులో తొమ్మిది అచ్చమైన స్టెర్లింగ్ వెండివి. మొదటిసారి మా ఇంటికి వచ్చిన తెలుగువాళ్ళు ముందు వాటిని చూస్తారు, తర్వాత మావారిని చూస్తారు, ఆ తర్వాత నన్ను చూసి జాలిపడతారు. ఒకావిడైతే వంటింట్లోకి వచ్చి నా చెయ్యి పట్టుకుని, "ఎన్నాళ్ళనుంచండీ?" అని మెల్లిగా అడిగింది. "2009 నుంచీ" అన్నాను. నేను వాటిని పోగుచెయ్యడం మొదలుపెట్టింది అప్పుడే మరి! ఆవిడ ఏ లెక్క వేసుకుందో నాకు తెలియదు. మావారు మాత్రం ఇప్పటికీ ఆవిడ ఎదటపడితే పక్కదారి పడతారు.

చూడనివాళ్ళ కోసం చెబుతాను. షేకరంటే మన మరచెంబుకి దూరపు చుట్టం. మరచెంబుని పట్టుకుని పైకి సాగదీసి, కడుపు లోపలికి నొక్కేస్తే యెలా వుంటుందో అలా వుంటుంది. నాకు నచ్చినవి మూడు ముక్కల రకం. కింద పాత్ర, దానిమీద చిల్లులున్న వడపోత, ఆపైన చిన్న టోపీలాంటి మూత. 1884లో బ్రూక్లిన్‌లో ఎడ్వర్డ్ హాక్ అనే ఆయన ఈ రకానికి పేటెంటు తీసుకున్నాడు. మంచుముక్కలు, పానీయం పోసి మూత బిగించి రెండు చేతులా పట్టుకుని ఆడించాలి. వున్న లోహాలన్నిటిలోకీ వేడిని తొందరగా దాటించేది వెండే. అందుకని లోపలి చల్లదనం క్షణంలో బయటికి వచ్చేస్తుంది. తళతళలాడే పాత్ర చూస్తూండగానే పొగమంచు పట్టినట్టు తెల్లబడిపోతుంది. చేతులు జివ్వుమంటాయి.

ఈ పిచ్చి నాకు యెలా పట్టుకుందంటే, నేను తప్పు చోట కాపురం వుండడం వల్లనే అని మావారి అభిప్రాయం. మేముండేది అమెరికాలో, కనెటికట్ రాష్ట్రంలో. మాకు అరగంట దూరంలో మెరిడెన్ అనే వూరుంది. దానికి 'వెండి నగరం' అని పేరు. 1898లో అక్కడ యెన్నో చిన్న కార్ఖానాలు కలిసి ఇంటర్నేషనల్ సిల్వర్ కంపెనీ అయ్యాయి. పక్క రాష్ట్రంలో టాంటన్‌లో రీడ్ అండ్ బార్టన్, ఆ పక్కన ప్రావిడెన్స్‌లో గోరమ్. మనకి మచిలీపట్నం అనగానే కలంకారీ గుర్తొచ్చినట్టే ఈ మూల ప్రాంతానికి వెండి. ఆ కార్ఖానాల సందడి ఇప్పుడు లేదు గాని, అవి చేసిన సామాను మాత్రం ఇక్కడి పాత ఇళ్ళ అటకలమీదా, సొరుగుల్లోనూ ఇంకా వుంది. ఎవరైనా పెద్దవాళ్ళు పోయినప్పుడో, చిన్న ఇంటికి మారిపోతున్నప్పుడో ఇంట్లో సామానంతటికీ ధర చీటీలు కట్టి తలుపులు తీసేస్తారు. దాన్ని ట్యాగ్ సేల్ అంటారు. మొదట్లో నాకు మహా ఇబ్బందిగా వుండేది. యెవరిదో పడకగది, యెవరిదో అద్దం, దాని ముందు సగం వాడిన పౌడరు డబ్బా, దానికీ ఒక చీటీ. రెండుమూడుసార్లు వెళ్ళాక అలవాటైంది.

వెండి కొనేటప్పుడు మనవాళ్ళు చూసేది తూకం. ఇక్కడివాళ్ళు ముందు బోర్లించి అడుగు చూస్తారు. కథంతా అక్కడే వుంటుంది. స్టెర్లింగంటే వెయ్యికి 925 పాళ్ళు వెండి, తక్కినది సాధారణంగా రాగి. కల్తీ అనుకోకండి. మేలిమి వెండి మరీ మెత్తన. దానితో పాత్ర చేస్తే నాలుగుసార్లు తోమేసరికి సొట్టలు పడుతుంది. ఇంగ్లండులో చేసిన పాత్రకి వరసగా చిన్న చిన్న ముద్రలుంటాయి. నడుస్తున్న సింహం వుంటే స్టెర్లింగని గుర్తు. చిరుతపులి తల వుంటే లండన్. లంగరు వుంటే బర్మింగ్‌హామ్. ఆ వూరికి సముద్రం ఛాయల్లోనే లేదు, లంగరెందుకొచ్చిందండీ? 1773లో ముద్రలు వేసుకునే హక్కు కావాలని బర్మింగ్‌హామ్, షెఫీల్డ్ వూళ్ళవాళ్ళు లండన్‌లో మకాం వేసిన సత్రం పేరు 'కిరీటమూ లంగరూ' అనీ, తలా ఒకటి పంచుకున్నారనీ చెప్పుకుంటారు. షెఫీల్డ్ కిరీటం 1974తో సరి, ఆ తర్వాత గులాబీపువ్వు వేస్తున్నారు. వీటి పక్కన ఒక అక్షరం వుంటుంది. ఏ అక్షరానికి ఏ సంవత్సరమో పట్టీలున్నాయి. అది చూస్తే పాత్ర పుట్టిన యేడు తెలిసిపోతుంది. మా పుట్టిన తేదీలే మా ఇంట్లో సరిగా రాసి పెట్టలేదు!

అమెరికాలో సర్కారువారి ముద్ర లేదు. చేసినవాళ్ళే 'స్టెర్లింగ్' అని కొట్టి పక్కన తమ గుర్తు వేసుకునేవాళ్ళు. గోరమ్ వాళ్ళ గుర్తు సింహం, లంగరు, 'జి' అక్షరం. కొత్తవాళ్ళు అది చూసి ఇంగ్లండు సరుకని మురిసిపోతూ వుంటారు. ఇంకొకటుంది, ఇ.పి.యన్.యస్. అని. ఆ నాలుగక్షరాలు కనిపించాయంటే పైన వెండి పూత, లోపల రాగి, నికెలు, జింకు కలిసిన లోహం. అదే మన జర్మన్ సిల్వరు! మా అమ్మమ్మ జర్మన్ సిల్వరు గ్లాసులు అటకమీద యెన్నుండేవో. అన్నట్టు, ఇంగ్లీషు షేకరు కొనేటప్పుడు మూతమీదా, వడపోతమీదా కూడా ముద్రలున్నాయో లేదో చూడాలి. లేకపోతే యెవరి మూతో యెవరికో పెట్టారన్నమాట.

ఇక ఈ షేకర్ల జాతకం చూడండి. ఇవి ఇళ్ళల్లో బాగా వెలిగింది మద్యనిషేధం వున్న రోజుల్లోనే. 1920 జనవరి 17 నుంచి 1933 డిసెంబరు 5 దాకా అమెరికా దేశమంతటా నిషేధం. తయారుచెయ్యకూడదు, అమ్మకూడదు, ఒకచోటినుంచి ఇంకొకచోటికి తీసుకుపోకూడదు. ఇంట్లో కూర్చుని తాగడం మాత్రం నేరం కాదు! బయట సెలూన్లు మూతబడ్డాయి, తాగుడు డ్రాయింగు రూములోకి వచ్చి కూర్చుంది. దొంగచాటు సరుకు రుచి దాచడానికి పళ్ళరసాలూ పంచదారా కలపాల్సి వచ్చేది. దాంతో షేకరు పెళ్ళిళ్ళలో చదివింపు సామానైపోయింది. లైట్‌హౌసులా, గంటలా, టీ కెటిల్‌లా, పాలక్యానులా యెన్ని ఆకారాలో! 1936లో మెరిడెన్‌లోనే నేపియర్ కంపెనీవాళ్ళు పెంగ్విన్ పక్షి షేకరు చేశారు. ముక్కు లోంచి పోసుకోవాలి. అది పూతదే అయినా నా తాహతుకి అందదు.

ఈ మాటలు రాస్తూంటే మీలో కొందరు ముఖం చిట్లిస్తున్నారని నాకు తెలుసు. మాది నెల్లూరు వైపు. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించినప్పుడు మా పిన్నత్తగారి ఇంట్లో పనిచేసే మనిషి ఆ వూరేగింపుల్లో తిరిగింది. నిషేధమంటే మన ఆడవాళ్ళకి మొగుడి కూలిడబ్బు ఇంటికి చేరడం. ఈ దేశంలోనూ 1874 నుంచే సంఘం పెట్టుకుని మద్యం మీద పోరాడింది ఆడవాళ్ళే. తీరా నిషేధం వచ్చాక అది నడుస్తున్న తీరు చూసి, ఎత్తెయ్యమని 1929లో ఇంకో సంఘం పెట్టిందీ ఆడవాళ్ళే. నా బీరువాలో షేకర్లని చూస్తే నాకు తాగుడు గుర్తుకు రాదు. ఆ చట్టం వున్న రోజుల్లో కాపురాలు పెట్టిన ఆడపిల్లలే గుర్తొస్తారు.

మా అత్తగారికి ఇవేవీ పట్టలేదు. ఆవిడ ఇక్కడికి వచ్చినప్పుడు చూసి, "సారాయి చెంబులు హాల్లో పెట్టుకుంటారుటే?" అంది. వారం రోజులు అటు చూడలేదు. ఎనిమిదో రోజున, "ఆ నల్లబడ్డదాన్ని ఇలా తే" అని తీసుకుని, విభూతితో తోమి పెట్టింది. వెండి నల్లబడేది గాలిలోని గంధకంవల్ల. ఊరికే రుద్దితే ఆ నలుపుతోపాటు రవంత వెండీ పోతుంది. చెక్కడం పనిలో గాడుల్లో వుండే నలుపు తీసేస్తే పోగుచేసేవాళ్ళు ధర సగం చేస్తారు. ఇది ఆవిడకి చెప్పే ధైర్యం నాకుందా? ఆ తర్వాత ఆ షేకర్లోనే మజ్జిగ కలిపింది. కరివేపాకూ, అల్లం ముక్కలూ వడపోత దగ్గర ఆగిపోయి, చల్లని మజ్జిగ గ్లాసులోకి వచ్చింది. ఆ రోజునుంచి వేసవంతా అదే. ఉప్పు మాత్రం గ్లాసులో వేసుకోమన్నాను. ఉప్పు తగిలితే వెండి గుంటలు పడుతుంది. శ్రీరామనవమి పానకం కూడా అందులోనే చేస్తానంటే ఆవిడ ఒప్పుకోలేదు. దేవుడి దగ్గర ఆవిడ లెక్క వేరు.

అసలు నేను చెప్పదలచుకున్నది ఇప్పుడు చెబుతాను. 1979 మొదట్లో ఔన్సు వెండి ఆరు డాలర్లు. 1980 జనవరికి యాభై దాకా పోయింది. టెక్సాస్‌లో హంట్ సోదరులని ఇద్దరు ధనవంతులు వెండి కొని కొని గుట్టలు పోశారు. మార్చి 27న ధర కూలి పదకొండు దరికి వచ్చింది. ఆ కొద్ది నెలల్లో ఈ దేశంలో యెన్ని టీ సెట్లు, యెన్ని గిన్నెలు, యెన్ని షేకర్లు కొలిమిలోకి పోయాయో! వందేళ్ళ పనితనానికి ఎవరూ పైసా ఇవ్వలేదు, తూకానికే ఇచ్చారు. మళ్ళీ 2025 అక్టోబరులో వెండి ఆనాటి యాభైని దాటేసింది.

ఆ నెలలోనే ఒక ట్యాగ్ సేల్‌కి వెళ్ళాను. భోజనాల గదిలో బల్లమీద ఒక షేకరుంది. నగిషీ యేమీ లేదు, సాదాగా, సుత్తిదెబ్బల మెరుపుతో వుంది. తిప్పి చూస్తే పొట్టమీద చెక్కిన అక్షరాలు. 1931 జూన్, ఒక అమ్మాయి పేరు, కింద 'ఆఫీసు అమ్మాయిలనుంచి' అని. పేరు ఇక్కడ రాయను, వాళ్ళవాళ్ళెవరైనా వుండొచ్చు. ఆ రోజుల్లో చాలాచోట్ల పెళ్ళయితే ఆడపిల్ల ఉద్యోగం మానెయ్యాల్సిందే. తోటి ఆడపిల్లలు చందాలు వేసుకుని, నిషేధం కాలంలో, దేశమంతా డబ్బుకి కటకటలాడుతున్న కాలంలో, వెండి షేకరు కొని పంపారు! నాకు నవ్వూ వచ్చింది, గొంతుకీ యేదో అడ్డం పడింది.

నా పక్కన ఒకాయన జేబులోంచి చిన్న త్రాసు తీసి నిలబడివున్నాడు. పాత వెండి కొని కరిగించడానికి పంపేవాళ్ళ మనిషి. మర్యాదస్తుడే. "మీరు తీసుకోకపోతే నేను తీసుకుంటాను" అన్నాడు. "దీనిమీద అక్షరాలున్నాయండీ" అన్నాను. "అక్షరాలు చెక్కితే బరువు తగ్గుతుందే గాని పెరగదు కదమ్మా" అన్నాడు. పద్దెనిమిది ఔన్సులుంది. మన లెక్కలో నలభై యెనిమిది తులాలు. చీటీమీద 800 డాలర్లు. అంతకు ముందు యే షేకరుకీ నేను నాలుగొందలు దాటి పెట్టలేదు.

అప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. 1983లో మా చెల్లెలి పెళ్ళికి అమ్మ తన పెద్ద వెండి చెంబు తీసుకుని దుకాణానికి వెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను. అంచుకింద అమ్మ పేరు, పుట్టింటి ఇంటిపేరుతో సహా, చుక్కలు చుక్కలుగా కొట్టించి వుండేది. షావుకారు తూచాడు. అమ్మ అడిగింది ఒక్కటే, తరుగు యెంత తీస్తావని. నేను ఆ పేరుకేసి చూస్తూ వుంటే, "వెండి యెక్కడికీ పోదే, నీ చెల్లెలి కంచంలోకి పోతుంది. పేరుదేముంది, అది కొట్టించుకోదూ?" అంది. కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. ఆవిడ లెక్క తప్పని నేను ఇవాళ్టికీ అనను. వెండంటే మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ బ్యాంకు. కాని ఆ చెంబు కరిగి కూతురి కంచమైంది. ఈ షేకరు కరిగితే యే రిఫైనరీకో పోతుంది, అక్కడినుంచి సోలారు పలకల్లోకో, యెవరి సెల్‌ఫోనులోకో. లోకానికి పనికొచ్చేదే, కాదనను. ఆ ఆఫీసు అమ్మాయిల మాట మాత్రం ఇంకెవరూ చదవరు.

ఎనిమిదొందలూ ఇచ్చి తెచ్చుకున్నాను. మావారు చీటీ చూసి చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "మన తర్వాత ఇవి యేమవుతాయనుకుంటున్నావు?" అన్నారు. కోపంగా అనలేదు, నిజంగానే అడిగారు. దానికి నా దగ్గర జవాబు లేక, ఒక్కొక్క షేకరుకీ ఒక కాగితం రాసి లోపల పెట్టడం మొదలెట్టాను: యెక్కడ కొన్నాను, ముద్రలేమిటి, బరువెంత, పొట్టమీద యేం రాసుంది. బరువు అందరికంటే కింద రాస్తున్నాను.

మా అమ్మాయికి ఫోను చేసి, "నీకేది కావాలో చెప్పు, పేరు రాసి పెడతాను" అన్నాను. అది కాసేపు ఆలోచించి, "ఆ పాలక్యాను షేకరు ఇవ్వమ్మా, బావుంటుంది" అంది. పదకొండిట్లో పూత సరుకు రెండే, అందులో అదొకటి. దాన్ని కరిగించడానికి యెవరూ తీసుకోరు. సరే, దానికే ఇస్తాను. మూత బిగుసుకుపోయింది, ముందు వేడినీళ్ళలో పెట్టి తియ్యాలి.