పెట్టెలో లేని పారాసైనికులు

ఇంఫాల్‌కు ఈశాన్యాన, ఉఖ్రుల్ కొండల్లో సాంగ్‌షక్ అనే తంగ్‌ఖుల్ నాగా పల్లె ఉంది. 1944 మార్చిలో భారత పారాసైనికులు జపాన్ సేనను నాలుగైదు రోజులు నిలువరించింది ఇక్కడే. ఆ కొండను బల్ల మీద బొమ్మలతో కట్టాలనుకునేవారికి మాత్రం పెద్ద చిక్కే వచ్చిపడుతుంది. కొండ తయారవుతుంది, చెట్లు తయారవుతాయి. మరి మనుషులో?

చిన్న చిన్న సైనికుల బొమ్మలకు రంగులు వేసి, పాత యుద్ధాలను బల్లల మీద తిరిగి నడిపించే సరదా ఇంగ్లండ్, అమెరికా, యూరప్‌లలో బాగా ఉంది. 1/72 కొలతలో మనిషి ఎత్తు రెండున్నర సెంటీమీటర్లకు మించదు. ఎయిర్‌ఫిక్స్, ఇటలేరి లాంటి కంపెనీల పెట్టెల్లో పారాసైనికులకు కొదవ లేదు. అయితే వాళ్లంతా నార్మండీలో దిగినవాళ్లు, ఆర్న్‌హెమ్‌లో పోరాడినవాళ్లు. కారణం ఊహించడం కష్టమేమీ కాదు. ప్లాస్టిక్ బొమ్మకు ఉక్కు అచ్చు కావాలి, దానికి బోలెడు ఖర్చు. 'ది లాంగెస్ట్ డే' (1962), 'ఎ బ్రిడ్జ్ టూ ఫార్' (1977), 'బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్' (2001) చూసినవాళ్లు ఏది అడుగుతారో ఆ అచ్చే పోస్తారు. సాంగ్‌షక్ మీద సినిమా తీసిందెవరు?

ఇంకో తమాషా ఉంది. 50వ భారత పారాచూట్ బ్రిగేడ్ 1941 అక్టోబరులో ఢిల్లీలో పుట్టింది. ఆకాశం నుంచి దూకడం నేర్చుకుంది. తీరా సాంగ్‌షక్‌కు వచ్చింది మాత్రం నేల మీదుగానే! 152వ భారత బెటాలియన్, 153వ గూర్ఖా బెటాలియన్, వాటికి తోడు మరాఠా పదాతిదళం. గొడుగు విప్పని పారాసైనికులు పారాసైనికుల పెట్టెలోకీ రారు, మామూలు పదాతిదళం పెట్టెలోకీ రారు.

కొండ మీద ఏం జరిగింది? మార్చి 22న జపాన్ 58వ రెజిమెంట్ మీద పడింది. గోతులు తవ్వుదామంటే అడుగున రాయి. మూడడుగులు దిగేసరికి పార మొరాయించింది. ముళ్లకంచె లేదు. నీటికి కటకట. గుళ్లకు కూలిన కంచరగాడిదలు, వాటి పక్కనే గాయపడ్డ మనుషులు. కొండ కొసన ఉన్న బాప్టిస్టు చర్చి కోసం ఇరుపక్షాలూ చేయీ చేయీ కలిపి పోరాడాయి. విమానాలు తిండీ మందుగుండూ జారవిడిచాయి. కొండ ఇరుకు కావడంతో చాలా గొడుగులు శత్రువు వైపే వాలాయి. పారాసైనికులకు ఆ యుద్ధంలో కనిపించిన పారాచూట్లు అవే! మార్చి 26 రాత్రి, ఆజ్ఞ అందాక మిగిలినవాళ్లు అడవిలోకి జారుకున్నారు. సుమారు 600 మంది చనిపోవడమో గాయపడడమో జరిగింది. ఇక్కడ చిక్కుబడి ఆలస్యమైన జపాన్ సేన కొహిమా ముట్టడి మొదలుపెట్టేసరికి ఏప్రిల్ 4 అయింది. ఆ మర్నాడే కొహిమాకు అదనపు బలగం చేరింది. ఆ కొద్ది రోజుల విలువ అది.

అందుకే బల్ల మీద సాంగ్‌షక్ కట్టాలంటే తుపాకీ గురిపెట్టిన బొమ్మలొక్కటే చాలవు. పారతో రాతిని పొడిచేవాడు కావాలి, స్ట్రెచర్ మోసేవాళ్లు కావాలి, కంచరగాడిదను తోలేవాడు కావాలి. పెట్టెల్లో వాళ్లే అరుదు. ఓపికున్నవాళ్లు బర్మా యుద్ధపు బ్రిటిష్ బొమ్మ తల కోసి గూర్ఖా టోపీ తల అతికిస్తారు, మెడ దగ్గరి సందును పుట్టీతో పూడుస్తారు. తెల్లలోహంతో, రబ్బరు అచ్చులతో పోతపోసే చిన్న తయారీదారులకు ఖర్చు తక్కువ. ఖాళీలు నిండితే గిండితే అక్కడే.

ఊరు చూడాలనుకునేవారు ముందుగా ఇంఫాల్‌లో వాకబు చేసుకోవడం మంచిది. 2023 మేలో మొదలైన అల్లర్ల తర్వాత మణిపూర్ రోడ్ల సంగతి ఎప్పుడెలా ఉంటుందో చెప్పలేం. ఇంఫాల్ శివార్లలో 2019లో తెరిచిన శాంతి మ్యూజియం దగ్గర మొదలుపెడితే యుద్ధం కథ తేలిగ్గా అర్థమవుతుంది.

బొమ్మ చేయాలనుకునేవారికి ఒక మనిషి సిద్ధంగా ఉన్నాడు. 152వ బెటాలియన్ డాక్టరు ఎ.జి. రంగరాజ్. పారాచూట్‌తో దూకిన తొలి భారతీయుల్లో ఒకరు. 1951 మార్చి 23న, కొరియాలోని మున్సాన్ మీద అమెరికన్ పారాసైనికులతో పాటు, భారత వైద్య దళంతో ఆయన మళ్లీ దూకాడు. ఈసారి కింద జరుగుతున్నది నిజమైన యుద్ధమే.