భయపెట్టిన ముఖమే

తొమ్మిదో తరగతిలో ఒక ఆదివారం మన హాస్టల్ టీవీలో ‘టెర్మినేటర్ 2’ చూశాం. జేమ్స్ కామెరాన్ 1991లో తీసిన సినిమా అది. మొదటి భాగం (1984)లో చంపడానికి వచ్చే మరమనిషిగా భయపెట్టిన ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గరే, ఇందులో జాన్ అనే పిల్లవాణ్ణి కాపాడే మరమనిషిగా వస్తాడు. జాన్‌కు తండ్రి లేడు, పరాయి ఇంట్లో పెరుగుతుంటాడు. నాకూ నాన్న లేడు. చివర్లో ఆ మరమనిషి కరిగిన ఉక్కులోకి దిగిపోతుంటే జాన్‌తో పాటు నేనూ ఏడ్చాను.

ఆ రాత్రి మా పాత వార్డెన్ సారు గుర్తొచ్చారు. ఆరో తరగతిలో ఆయన బెత్తం చూస్తే వణికేవాణ్ణి. ఏడులో నాకు జ్వరం వస్తే తెల్లవార్లూ తడిగుడ్డ వేస్తూ నా చాప పక్కనే కూర్చున్నదీ ఆయనే. బదిలీపై వెళ్లే రోజు ఒక్క మాటా చెప్పలేకపోయాను.

తమ్ముళ్లూ, మొదటి భాగం చూసే మనిషిని లెక్కగట్టకండి. సార్, ఇప్పుడు చెబుతున్నాను, కృతజ్ఞతలు.