అత్తమ్మకు నచ్చిన ఫోటో

మా దగ్గర ఫోటో అంటే దిగేది. "ఫోటో దిగినవా?" అనే అడుగుతారు గానీ, తీసిన మనిషి ఏం చూసి తీసిందో ఎవరికీ పట్టదు. కొడిమ్యాలలో మా ఇంటి గోడకున్న నాలుగు ఫోటోలూ అట్లా దిగినవే. పెళ్ళివి రెండు, మా ఆయన మస్కట్ పోయే ముందు పిల్లలతో దిగింది ఒకటి, నాలుగోది మా మామగారిది.

ఆ నాలుగోది చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. ఆయన పోయిన రోజు ఇల్లంతా వెతికినా ఆయన ఒక్కరే ఉన్న ఫోటో దొరకలేదు. ఓటరు కార్డు మీది బొమ్మనే పెద్దది చేయించారు. స్టూడియో వాళ్ళు మెడ కింద కోటు అతికించి, మొఖం తెల్లగా చేసి, వెనక నీలం రంగు వేసి ఇచ్చారు. బతికినన్నాళ్ళు భుజం మీద తువ్వాల తప్ప కోటు ఎరగని మనిషి. మా చిన్నది పటం ముందు నిలబడి "ఈ సారు ఎవరే అమ్మా?" అంది.

అత్తమ్మకు ఆ గతి పట్టొద్దని అప్పుడే అనుకున్నా.

ఆమెది మంచి నలుపు. ఫోనుతో తీస్తే మొఖం మసకగా వచ్చేది. కొన్నాళ్ళకు సంగతి అర్థమైంది. కెమెరా మొత్తం దృశ్యాన్ని సగటు వెలుగుకు తెచ్చుకుంటుంది. సున్నం కొట్టిన గోడ ముందు నల్లటి మనిషి కూర్చుంటే, అది గోడ తెలుపు చూసి వెలుగు తగ్గించేస్తుంది, మొఖం చీకట్లో పడుతుంది. తెర మీద మొఖం దగ్గర వేలితో నొక్కితే ఆ మొఖాన్ని బట్టి లెక్క కట్టుకుంటుంది. మరీ దగ్గరికి పోయి తీస్తే ముక్కు పెద్దగా వస్తుంది కాబట్టి, నాలుగడుగులు వెనక్కి జరగాలి. ఇక పొద్దుటి పూట దర్వాజలోంచి పక్కగా పడే వెలుతురుంటే మరేమీ అక్కర్లేదు, ముడతలు కూడా అందంగా ఉంటాయి.

తప్పు ఎప్పుడూ మన రంగుదే అనుకుంటాం గానీ, ఫోటో పరిశ్రమే ఒకప్పుడు తెల్లతోలును కొలత పెట్టుకుని నడిచింది. కొడాక్ కంపెనీ 1950ల నుంచి ఏళ్ళ తరబడి, రంగులు సరిచూసుకోవడానికి ల్యాబులకు ఒక తెల్లమ్మాయి ఫోటో ఉన్న నమూనా కార్డు పంపేది. షర్లీ కార్డు అనేవారు దాన్ని. మన స్టూడియోల్లో మొఖాలకు తెలుపు పులమడం చూస్తే ఆ షర్లీ ఇంకా పోలేదనిపిస్తుంది నాకు.

సరే, వెలుతురు దొరికింది. గొడవ అత్తమ్మతోనే వచ్చింది. దర్వాజ పక్కన కూర్చుని, ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. తునికాకులో తంబాకు పోసి చుట్టి, కొన మడిచి, దారం కట్టేదాకా ఆ వేళ్ళు ఆగవు, కళ్ళు వీధిలోనే ఉంటాయి. నేను ఫోను పట్టుకున్నా.

"గిట్లెందుకు తీస్తున్నవ్ పిల్లా? మంచిగ చీర కట్టుకున్నంక తియ్యరాదు?"

"గిట్లనే మంచిగున్నవ్ అత్తమ్మా."

"నాకు మంచిగుండాలె గాని నీకు మంచిగుంటే అయితదా?"

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. వరంగల్ భరత్ భూషణ్ గారు తీసిన ఫోటోలు నాకు ప్రాణం. మన పల్లెలు, బతుకమ్మలు, పనిలో ఉన్న ఆడవాళ్ళు. 2022లో ఆయన పోయారు. ఆ ఫోటోలు చూశాకే ఇంటి పనిలో కూడా ఒక బొమ్మ ఉంటుందని నాకు తెలిసింది. అత్తమ్మ వాటిని ఫోనులో చూసి, "పాపం, వాళ్ళకు తయారయ్యే టైం గూడ ఇయ్యలే" అంది!

ఆమె వైపు నుంచి ఆలోచిస్తే నాకు జనానా స్టూడియో గుర్తొస్తుంది. ఆరో నిజాం కాలంలో, 1890ల మొదట్లో, రాజా దీన్‌దయాళ్ హైదరాబాద్‌లో ఆడవాళ్ళ కోసమే ఒక స్టూడియో పెట్టారు. పరదా పాటించే ఇళ్ళ ఆడవాళ్ళు అక్కడ ఫోటో దిగేవాళ్ళు. దాన్ని నడిపింది కూడా ఆడమనిషే, కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషావిడ. బయటి మగవాళ్ళ కంట పడని ఆ స్త్రీలు ఒక్కనాడు కెమెరా ముందుకు వస్తూ ఉన్న నగ ఇంట్లో పెట్టి వచ్చి ఉంటారా? తయారు కావడం వేషం కాదు కదా. నన్ను ఇట్లా గుర్తుపెట్టుకోండి అని చెప్పుకోవడం. వాళ్ళకున్న ఆ హక్కు బీడీలు చుట్టే అత్తమ్మకు మాత్రం ఎందుకు ఉండొద్దు?

అందుకని రెండూ తీశా. బతుకమ్మ నాడు పట్టుచీర కట్టి, గునుగు, తంగేడు పేర్చిన బతుకమ్మ పక్కన ఆమె చెప్పినట్టే నిటారుగా, నవ్వకుండా నిలబెట్టి ఒకటి. నలుపు నలుపుగానే ఉంచా, అది మాత్రం నా షరతు. "గోడకు గిదే పెట్టుండ్రి, నేను పోయినంక గూడ గిదే" అంది.

రెండోది చాట ముందరిది. అది మస్కట్ పంపితే మా ఆయన రాత్రి ఫోన్ చేసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "పొగాకు వాసనొస్తుందే" అన్నాడు. నాకైతే ఆ ఫోటోకు అంతకు మించిన మెప్పు వద్దు.

మొన్న జగిత్యాల పోయినప్పుడు రెండూ ప్రింట్ తీయించుకొచ్చా. అత్తమ్మ పట్టుచీర ఫోటో ఒకసారి చూసి పక్కన పెట్టింది. చాటది మాత్రం వెలుతురులోకి పట్టుకుపోయి, మొఖం వదిలేసి చేతులే చూసింది.

"మా అవ్వ చేతులు గిట్లనే ఉండె."

ఆ అవ్వకు ఓటరు కార్డు కూడా లేదట. ఫోటో అనేదే దిగలేదు.

"గోడకు పెట్టమంటవా అత్తమ్మా?" అని అడిగా.

"గోడకొద్దు" అని, పెట్టె తెరిచి తన పింఛన్ కాయితాల కింద పెట్టుకుంది.