చక్రమెక్కిన లాంచీ

ఎడిన్‌బరోలో మా అబ్బాయి ఇంట్లో దిగిన వారానికల్లా కోట, మ్యూజియం, సముద్రపు ఒడ్డు అన్నీ అయిపోయాయి. "నాన్నా, ఇవాళ మీకు నచ్చేది చూపిస్తా" అంటూ ఫాల్‌కిర్క్ రైలెక్కించాడు. అరగంట ప్రయాణం. ఉద్యోగమంతా ఇరిగేషన్ శాఖలో, కాలువ గట్ల మీద గడిపిన మనిషికి ఇంకేం నచ్చుతుంది, నీళ్ళే కదా!

ఫాల్‌కిర్క్ వీల్‌కి చక్రమన్న పేరేగానీ గుండ్రంగా ఉండదు. ఓ పెద్ద ఇరుసు, దానికి అటూ ఇటూ చాచిన ఉక్కు చేతులు, వాటి మధ్య ఎదురెదురుగా రెండు నీళ్ళ తొట్టెలు. మొత్తం ఎత్తు 35 మీటర్లు. ఒక తొట్టె కింద రేవులో ఉంటే రెండోది పైన కాలువ వంతెనకి ఆని ఉంటుంది. సగం చుట్టు తిరిగితే కిందిది పైకి, పైది కిందికి వస్తాయి. పడవలు ఆ తొట్టెల్లో కూర్చుని ఎక్కుతాయి, దిగుతాయి.

ఇదంతా ఎందుకంటే, ఇక్కడ రెండు కాలువలు కలవాలి. కిందిది ఫోర్త్ అండ్ క్లైడ్ కాలువ, 1790 నాటిది. పైది ఎడిన్‌బరో వెళ్ళే యూనియన్ కాలువ, 1822లో తెరిచారు. రెంటికీ మధ్య ఎత్తు తేడా 35 మీటర్లు. పాతరోజుల్లో పడవలు 11 లాకులు దాటి ఎక్కేవి. అందుకు ఇంచుమించు పగలంతా పట్టేది, ఒక పడవ కోసం 3,500 టన్నుల నీళ్ళు కిందికి వదలాల్సి వచ్చేది. మాది గోదావరి డెల్టా. లస్కర్లు లాకు తలుపులు తెరవడం, పడవ గదిలోకి రావడం, మట్టం లేచేదాకా సరంగు చుట్ట కాలుస్తూ కూర్చోవడం చూస్తూ పెరిగాను. ఒక్క లాకుకే అంత తతంగం. వరసగా 11 అంటే ఓపికకే పరీక్ష. 1933లో ఆ లాకుల్ని మూసేశారు, రెండు కాలువలూ విడిపోయాయి. మళ్ళీ కలపడానికి ఈ చక్రం కట్టారు. 2002 మే 24న ఎలిజబెత్ రాణి ప్రారంభించింది. చక్రం ఎత్తేది 24 మీటర్లు, మిగతా 11 మీటర్లకి పైన రెండు లాకులు ఉన్నాయి.

రేవులో టూరిస్టు లాంచీ ఎక్కాం. జనం నిండిపోయారు. మా ఆవిడ పైకి చూసి, "ఏవండీ, ఇంత మందిమి ఇటు కూర్చుంటే ఆ పై తొట్టె తేలికైపోదూ? బరువు తేడా వస్తే చక్రం ఒరిగిపోతుందేమో!" అంది. పైన ఉన్న తొట్టెలో పడవ లేదు, ఉత్త నీళ్ళే. భయం సబబైనదే. ఇంజనీరింగ్ చదివిన మావాడు ఫోను బయటికి తీశాడు. "ఆగరా, నేను చెప్తాను" అన్నాను. ఇలాంటి అవకాశం రోజూ రాదు.

లాంచీ తొట్టెలోకి వెళ్ళేటప్పుడు వెనక తలుపు తెరిచే ఉంటుంది. లాంచీ, అందులోని మనం, మన సంచులు కలిపి ఎన్ని టన్నులుంటే సరిగ్గా అన్ని టన్నుల నీళ్ళు తొట్టెలోంచి రేవులోకి జరిగిపోతాయి. ఆ తరవాతే తలుపు మూస్తారు. అందుకని తొట్టెలో మట్టం మారదు, మొత్తం బరువూ మారదు. ఉత్త నీళ్ళున్నా 250 టన్నులే, లాంచీ ఉన్నా 250 టన్నులే.

"అయితే ఇది తులాభారమన్నమాట" అంది మా ఆవిడ. అంతే. కాకపోతే ఇక్కడ తూకం సరిచేయడానికి తులసిదళం అక్కర్లేదు, ఆ పని నీళ్ళే చేసుకుంటాయి. ఆర్కిమెడీస్ సూత్రం అందరం బట్టీ పట్టినవాళ్ళమే, దాని మీద కూర్చుని ప్రయాణం చేసింది మాత్రం ఇప్పుడే. కిటుకంతా ఆ తెరిచిన తలుపులో ఉంది. తలుపు మూశాక క్రేనుతో లాంచీని తొట్టెలోకి దింపారనుకోండి, నీళ్ళకి పోయే దారుండదు. మట్టం పైకి లేస్తుంది, లాంచీ బరువంతా అదనంగా చక్రం మీద పడుతుంది.

అందుకే ఇక్కడ ఎవరూ పడవల్ని తూచరు, మట్టాన్ని కొలుస్తారు. రెండు తొట్టెల్లో మట్టాల తేడా 37 మిల్లీమీటర్లు దాటకుండా సెన్సార్లు, పంపులు చూసుకుంటాయి. తొట్టె పొడవు ఇరవై మీటర్ల పైచిలుకు, వెడల్పు ఆరున్నర మీటర్లు. అంటే రెండు అంగుళాలైనా లేని ఆ తేడా బరువులో దాదాపు 5 టన్నులని నా లెక్క. కాలువ స్కేలు మీద అర అంగుళం కోసం రైతులతో మాటలు పడ్డవాణ్ణి, ఆ 37 మిల్లీమీటర్లు చూస్తే నాకు ముచ్చటేసింది.

చక్రం కదిలింది. కుదుపు లేదు. తొట్టె పక్కకి వాలకుండా పళ్ళచక్రాల వరస ఒకటి దాన్ని సమంగా నిలబెడుతుంది. సన్నగా వాన మొదలైంది. రెండు తొట్టెల్లోనూ ఒకేలా పడుతుంది కనక దాంతో పేచీ లేదు. సగం చుట్టుకి ఖర్చయ్యే కరెంటు ఒకటిన్నర యూనిట్లట. బరువులు సరితూగాయి కనక మోటార్లకి మిగిలేది చక్రాన్ని కదిలించడం, రాపిడిని గెలవడం, అంతే.

పైన కాలువ వంతెన మీదుగా సొరంగంలోకి పోయాం. ఆంటొనైన్ గోడ అని, రోమన్లు క్రీస్తుశకం రెండో శతాబ్దంలో కట్టిన సరిహద్దు గోడ కింద తవ్విన సొరంగం అది. అవతల చిన్న మడుగులో లాంచీ వెనక్కి తిరిగింది. అక్కడ మావాడు అసలు ప్రశ్న వేశాడు: "నాన్నా, పడవ ఎక్కిన ప్రతిసారీ పై కాలువ మట్టం తగ్గదా?"

లాంచీ 20 టన్నులనుకుందాం. దానితో పాటు తొట్టెలో పైకి వచ్చిన నీళ్ళు 230 టన్నులు, రెండో తొట్టెలో కిందికి దిగినవి 250. పై కాలువకి 20 టన్నుల నీళ్ళు నష్టం. కానీ అందులోకి ప్రవేశించిన లాంచీ ఆ 20 టన్నుల నీళ్ళ చోటు తనే తీసుకుంది. మట్టం ఎక్కడిదక్కడే ఉంది. కింద రేవులోనూ ఇదే లెక్క తిరగేసి చూసుకోవచ్చు. లాకులో అయితే పడవ ఎక్కినా దిగినా గదినిండా నీళ్ళు కిందికి పోవలసిందే. వేసవిలో కాలువలు కట్టేసే డెల్టావాళ్ళకి ఆ తేడా విలువ విడమరిచి చెప్పక్కర్లేదు.

మా మనవరాలి చేతిలో రేవు దగ్గర ఏరుకున్న రాయి ఉంది. "తాతయ్యా, ఇది నీళ్ళల్లో పడేస్తే మట్టం పెరుగుతుందా?" అంది. తగ్గుతుంది! రెండున్నర కిలోల రాయి లాంచీలో ఉన్నంతసేపు రెండున్నర లీటర్ల నీళ్ళని తప్పిస్తుంది. అడుగుకి చేరాక తన సైజెంతో అంతే, సుమారు ఒక లీటరు. కర్రముక్క అయితే ఏ మార్పూ ఉండదు, అది ఎక్కడున్నా తేలేదే కదా. పిల్ల నమ్మలేదు. ఇంటికెళ్ళాక బకెట్లో గిన్నె తేలేసి, అందులో రాయి పెట్టి, తీసి, బకెట్లోకి జారవిడిచి చూసుకుంది. మీరూ చేసి చూడొచ్చు. గిన్నె వెడల్పుగా, బకెట్ ఇరుకుగా ఉంటే తేడా బాగా తెలుస్తుంది.

ఎడిన్‌బరో దాకా వెళ్ళే మనవాళ్ళు కోట దగ్గరే ఆగిపోకండి. చక్రాన్ని కింద నిలబడి చూడ్డానికి టికెట్టు లేదు, లాంచీకి మాత్రం ముందుగా బుక్ చేసుకోండి. గొడుగు మరవద్దు.