ముంగిటి సంత

పాతసామాను వదలించుకొనుట యే దేశమునందైనను గృహస్థునకు గల చిక్కే. మన యూళ్లలో కొనువాడే కేకవేయుచు వీధివెంట వచ్చును. పాతచీరలిచ్చి స్టీలుగిన్నె పుచ్చుకొనుటయు, పత్రికలు తూచి యిచ్చుటయు మన విద్యార్థులందరు నెరిగినవే. అమెరికా సంయుక్త రాష్ట్రములలో నమ్మువాడే తన ముంగిట బల్లలు పరచి కూర్చుండును. కొనువారు కార్లలో వచ్చెదరు. దీనిని యార్డు సేల్ అనియు, కారు నిలుపు కొట్టమున జరుగుటచే గరాజు సేల్ అనియు పిలుతురు. ఆ దేశస్థులకు దీనియందు గల మక్కువ యింతింత కాదు. 1987వ సంవత్సరమున టెన్నెసీ రాష్ట్రమున 127వ రహదారివెంట నారంభమైన యిట్టి సంత నేడు మిషిగన్ మొదలు అలబామావరకు ఆరు రాష్ట్రములలో 690 మైళ్ల పొడవున, ప్రతి ఆగస్టు మాసమునను నాలుగు దినములు సాగుచున్నది.

2024వ సంవత్సరపు వేసవి సెలవులలో మేము టెక్సాసు రాష్ట్రమందలి డల్లాసు నగరమున మా యక్కగారి యింట నుంటిమి. ఆమె యిట్టి సంత పెట్టదలచి, సామాను సర్దుటకు ముందే నగరపాలకుల నిబంధనలు చదువసాగిరి. తన వస్తువును తన వాకిట నమ్ముకొనుటకు ఊరివారి సెలవేల యని మేమడిగితిమి. ఆమె నవ్వి, కాగితము మా చేతికిచ్చిరి. ముందుగా అనుమతి పొందవలెను. పండ్రెండు మాసములలో రెండుమారులకు మించరాదు. ఒక్కొక్కమారు వరుసగా మూడు దినములకు మించరాదు. తమ యింటివాడుక వస్తువులే గాని, లాభమునకై కొనితెచ్చిన సరకు పెట్టరాదు. విద్యుత్స్తంభములకు చీటీ లంటింపరాదు. వారమువారమును సంత జరిగినచో నది యిల్లు గాదు, అంగడి. వీధికిరువైపుల కార్లు నిలిచినచో ఇరుగుపొరుగువారు తమ వాకిట తామే చిక్కుపడుదురు. అద్దెయు పన్నును చెల్లించు వర్తకునకును అన్యాయమగును. రాష్ట్రమువారు మాత్రము, సొంత వాడుకకై కొనిన వస్తువుల నమ్మగా వచ్చిన సొమ్ము ఏడాదికి 3,000 డాలర్లు మించనంతవరకు అమ్మకపు పన్ను కోరరు. ఇతర నగరములలో నిబంధనలు వేరువేరు.

అమ్మకపు దినమున, 2008లో మేనల్లునికై కొనిన మంచమొకటి గరాజులో గోడకానించియుండెను. పసిబిడ్డ పడకుండ నాలుగుప్రక్కల కమ్ములు గలది. ఒక ప్రక్క క్రిందికి జారును. నిండుగర్భిణి యొకతె దానిని చూచి యిరువది డాలర్లు చేతబట్టుకొని నిలిచెను. అక్కగారు అమ్మనిరి. పోనీ, ఊరకే యిమ్మని మేము మెల్లగా తెలుగున చెప్పితిమి.

“ఊరకే యిచ్చినంతమాత్రమున ప్రమాదము పోవునా, తమ్ముడా?” అని ఆమె యనిరి.

ఆ జారుప్రక్కను పట్టియుంచు బిగింపులు కాలక్రమమున విరుగును, ఊడును. అప్పుడు పరుపునకును కమ్ములకును నడుమ సందేర్పడును. బిడ్డ యందు జారి ఊపిరాడక పోవును. 2000వ సంవత్సరము మొదలు పదేండ్లలో కనీసము 32 మంది శిశువులు ఇట్లు మరణించినట్లు ఆ దేశపు వినియోగవస్తు భద్రతాసంఘమువారు ప్రకటించిరి. 2011 జూన్ 28వ తేదీనుండి ఇట్టి మంచముల అమ్మకము నిషిద్ధము. ముంగిటి సంతలో నమ్మరాదు, దానముగ నీయరాదు అనియు వారు హెచ్చరించిరి.

తన రూపమును, పేదరికమును చూచి కాదనిరని ఆ స్త్రీ తలచినట్లున్నది, ముఖము ముడుచుకొనెను. మేనల్లుడు తాను బడిలో నేర్చిన స్పానిషు భాషతో తడబడుచు సంగతి చెప్పెను. ఆమె విని, ఏమియు ననక, రెండు మూటల పసిబట్టలు కొనుక్కొని వెడలెను. నమ్మెనో లేదో మేమెరుగము.

తక్కిన నిబంధనలన్నిటికంటె నిదియే మాకు న్యాయముగ తోచినది. అంగడిలో కొనిన వస్తువు చెడినచో మరల పోయి యడుగవచ్చును. ముంగిటి సంత సోమవారమునాటి కుండదు, కొన్నవారెవరో, అమ్మినవారెవరో! చౌకగా దొరకినదాని కాశపడువారు తరచుగా పేదలే. వారి పిల్లలే ఆ మంచములలో పరుండవలసినవారు.

సాయంకాలమున అక్కగారును మేనల్లుడును మరలు విప్పిరి. మంచమును అట్లే వీధిలో నుంచినచో ఎవరైన నెత్తుకొనిపోయి బిగించుకొందురని, కమ్ములను రంపముతో రెండేసి ముక్కలుగ కోసిరి. మేము ముక్కలను త్రాటితో కట్టి, చెత్తబండి వచ్చుచోట పేర్చితిమి.