విరగని అలల మీద

హవాయి దీవులలో రెండవ పెద్దదైన మౌయి ద్వీపం రెండు అగ్నిపర్వతాల కలయిక. తూర్పున 3,055 మీటర్ల ఎత్తున హలేయకలా. పడమట దానికంటె పొట్టిదీ, వయసులో పెద్దదీ అయిన మరొక కొండ. రెంటి నడుమ పల్లపు నేల. ఈశాన్యం నుండి వచ్చే వ్యాపారపవనాలు ఈ సందులో దూరి వేగం పుంజుకుంటాయి. నూరేళ్ళకు పైగా ఆ పల్లంలో చెరకు పండింది. 2016 డిసెంబరులో ఆఖరి పంట మిల్లుకు చేరడంతో హవాయిలో చెరకు సేద్యపు యుగం ముగిసింది.

ఆ గాలికి మరొక ఉపయోగం ఉన్నదని లోకానికి తెలిసినదీ ఆ సంవత్సరమే. మౌయిలో పుట్టి పెరిగిన కాయ్ లెన్నీ అనే యువకుడు, చేత తెడ్డు పట్టి బోర్డుపై నిలబడి, బోర్డు నీటిని తాకకుండా మూరెడు ఎత్తున తేలుతూ తీరం వెంట సాగిపోయే వీడియోను దేశదేశాలవారు చూశారు. అడుగున మోటారు ఉన్నదేమోనని చూసినవారికి అనుమానం కలగడంలో వింత లేదు.

మోటారు లేదు, రెక్క ఉన్నది. బోర్డు అడుగున 70, 80 సెంటీమీటర్ల నిలువు కడ్డీ, దాని కొసన బొమ్మ విమానాన్ని తలపించే అమరిక: ముందు పెద్ద రెక్క, వెనుక చిన్న రెక్క. దీని పేరు హైడ్రోఫాయిల్. ఆలోచన పాతదే. ఇటలీ ఇంజనీరు ఎన్రికో ఫోర్లానినీ 1906లోనే మజోరే సరస్సుపై ఇటువంటి పడవను నడిపాడు. టెలిఫోను కనిపెట్టిన గ్రాహం బెల్, తన సహచరుడు బాల్డ్విన్‌తో కలిసి నిర్మించిన హెచ్.డి.-4 అనే నౌక 1919లో కెనడాలో గంటకు 114 కిలోమీటర్ల వేగాన్ని అందుకున్నది. నీరు గాలికంటె సుమారు 800 రెట్లు సాంద్రమైనది. కనుక ఆకాశంలో మనిషిని మోయడానికి ఎంతో విశాలమైన రెక్క కావలసి ఉండగా, నీటిలో చేటంత రెక్క చాలును. 2000 తరువాతి తొలి సంవత్సరాలలో లెయర్డ్ హామిల్టన్ బృందం మంచుబూట్లను బోర్డుకు బిగించుకుని, మోటారు వాహనం లాగగా భారీ కెరటాలపై దీనిని ప్రయోగించింది. తెడ్డు రాకతో ఆ లాగే వాహనం పని తప్పిపోయింది. చౌక అయినది మాత్రం కాదు.

ఇది నేర్చుకోదలచినవారిలో పాత సర్ఫింగ్ ఆటగాళ్ళు చాలామంది. విచిత్రమేమంటే వారికున్న విద్యే వారికి మొదటి అడ్డంకి. సర్ఫింగ్ చేసేవాడి కన్ను విరగబోయే అలను వెతుకుతుంది. సముద్రపు పొంగు లోతు తగ్గే చోటికి వచ్చినప్పుడు దాని నడక మందగిస్తుంది, ఎత్తు పెరుగుతుంది, ముఖం నిటారవుతుంది, చివరకు తల ముందుకు వాలి నురుగై కూలుతుంది. మామూలు బోర్డు జారడానికి ఆ నిటారు వాలు కావాలి. ఫాయిల్‌కు అది అక్కరలేదు సరికదా, అపాయం కూడా.

ఎందుకంటే అలతోపాటు నీరు ప్రయాణించదు. గాలికి వరిచేను తల వంచి లేచినప్పుడు చేను మీద ఒక కదలిక పరుగెత్తుతుంది, వెన్ను ఏదీ గట్టు దాటదు. నడిసముద్రపు పొంగులోనూ నీటిబొట్టు ఉన్నచోటనే దాదాపు గుండ్రంగా తిరుగుతుంది. అల ముందుభాగంలో పైకి లేస్తుంది, వెనుకభాగంలో కిందికి దిగుతుంది. లేచే ఆ నీటిలో రెక్క ఉన్నంతసేపు దానికి ఆధారం దొరుకుతూనే ఉంటుంది. బోర్డు గాలిలో ఉన్నది గనుక నీటి ఈడ్పు ఎంతో తగ్గుతుంది. ఒడ్డున నిలబడినవారు అలగానైనా గుర్తించని చిన్న ఉబ్బు, నిండు మనిషిని వందల మీటర్లు మోసుకుపోవడంలోని రహస్యం ఇంతే.

మొదటి పాఠాలు అల లేని నీటిలో, పడవ వెనుక తాడు పట్టుకుని. అక్కడ తెలిసే సంగతి ఒకటే: రెక్క లేవగానే బరువు ముందుకాలి మీదికి రావాలి. భయపడినవాడు సహజంగా వెనక్కి వాలుతాడు. బోర్డు బెదిరిన గుర్రంలా ముందుభాగం ఎత్తుతుంది. రెక్క నీటిపైకి వచ్చి గాలి పీల్చుకుని, పట్టు తప్పి, సవారీని విసిరేస్తుంది. కడ్డీ, రెక్కల అంచులు పదునైనవి. కనుక పడటం కూడా నేర్వవలసిన విద్యే: బోర్డును కాళ్ళతో అవతలికి తోసి, పక్కకు పడాలి, పైకి వచ్చేటప్పుడు చేతులు తలకు అడ్డం ఉంచుకోవాలి. హెల్మెట్ లేనివాడిని మంచి గురువు నీటిలోకి రానివ్వడు. బోర్డు కూడా మనిషినిబట్టి ఉండాలి. లీటరు ఘనపరిమాణం కిలో బరువును తేలుస్తుంది. 75 కిలోల కొత్తవాడు 100 లీటర్ల బోర్డు తీసుకుంటే నిలబడి ఊపిరి పీల్చుకునే వ్యవధి ఉంటుంది.

అలను అందుకునే ఘడియ మాత్రం తాడు నేర్పలేదు. అభ్యాసకుడు భుజం మీదుగా వెనక్కి చూస్తూ ఉంటాడు. దూరాన నీరు కొంచెం నల్లబడి గీతలా కనిపిస్తుంది. ఇంకా తొందరపడకూడదు. బోర్డు తోక పైకి లేస్తున్నట్లు పాదాలకు తెలిసినప్పుడు, పొడవైన తోపులు కాదు, పొట్టివి, చకచకా అయిదారు వేయాలి. రెక్క ఎత్తే బలం వేగం వర్గాన్నిబట్టి పెరుగుతుంది: వేగం రెట్టింపయితే బలం నాలుగు రెట్లు. అందుకే చివరి రెండు తోపులకున్న విలువ మొదటి నాలుగింటికి లేదు. అలసి అక్కడ ఆపినవాడి కిందినుండి అల నిశ్శబ్దంగా దాటిపోతుంది. ఆపనివాడికి అంతవరకు అరికాళ్ళ కింద టపటప కొట్టుకున్న చప్పుడు ఠక్కున ఆగిపోతుంది. ఆ నిశ్శబ్దానికి హడలిపోయి పడినవారే ఎక్కువ.

విశాఖ తీరపు జాలరులు దుంగలు కట్టిన తెప్పపై, తెడ్డు ఆసరాతో, అలకూ అలకూ మధ్య సందు కనిపెట్టి కడలిలోకి సాగిన రోజుల్లో చేసిన పనికీ దీనికీ సాధనంలో పోలిక తక్కువ, చూపులో ఎక్కువ. వారు తిండికోసం చదివిన నీటినే వీరు వినోదంకోసం చదువుతున్నారు.

ఈ వినోదంలో ఒక తగవు కూడా ఉన్నది. ఫాయిల్ ఉన్నవాడు అందరికంటె దూరాన, అల లేవకముందే దానిని పట్టగలడు. అలా వరసగా పట్టుకుపోతే లోపల వేచి ఉన్నవారికి మిగిలేది కోపమే. పైగా జనం మధ్య జారే కత్తి వంటి సాధనం అది. జనం లేని చోట, ఎవరికీ పనికిరాని మెత్తని అలలపై ఆడుకోవడం మర్యాద మాత్రమే కాదు, కనీస ధర్మం.

మౌయిలో ఈ విద్యకు పరీక్షాస్థలం మాలికో. హలేయకలా పాదాన ఉన్న ఆ వాగు ముఖం నుండి కహులుయి ఓడరేవు వరకు సుమారు 15 కిలోమీటర్లు. గాలి వీపున తోస్తుంది. పొంగులు ఒకదాని వెంట ఒకటి అదే దిక్కున నడుస్తాయి. నేర్పరి ఒక పొంగు నీరసించగానే రెక్కను పాదాలతో ఊపి ముందుదానిని అందుకుంటాడు. కానీ ఇది ఒకవైపు దారి. గాలికి ఎదురు తెడ్డు వేసి తిరిగి రావడం గట్టివారికీ కష్టమే. మొదటి భాగంలో ఒడ్డంతా రాళ్ళు. చెదిరిన నీటిలో పడిన ప్రతిసారీ మళ్ళీ నిలబడాలి, మళ్ళీ ఆ అయిదారు తోపులు వేయాలి. పడేకొద్దీ తోపులో బలం తగ్గుతుంది. అందువలన కొత్తవాడు ఒంటరిగా వెళ్ళడు, ఫోను లేకుండా వెళ్ళడు. చేతులు చచ్చుబడినప్పుడు బోర్డుపై మోకాళ్ళూని, తెడ్డు వేసుకుంటూ, గాలి తోసినంత మేర కనాహా ఇసుకతీరం దాకా రావడం మాలికోలో ఎవరూ నవ్వే సంగతి కాదు.