బస్సే బస

రాత్రి తొమ్మిది దాటాక ఇమ్లీబన్ బస్టాండును చూడాలి. మూసీ నడుమ లంక వంటి చోట, 1994లో వెలసిన ఆ ప్రాంగణంలో, తిరుపతి, రాయచూరు, కర్నూలు అంటూ కేకలు వినబడుతుంటే ఊరు ఊరంతా ఎక్కడికో తరలిపోతున్నట్టు తోస్తుంది. నా యౌవనంలోని మంచి రాత్రులు చాలా అక్కడే మొదలయ్యాయి.

నా మిత్రుడిది శాలిబండ. ప్రయాణమున్న సాయంత్రం నేను ముందుగా వాళ్ళింటికే చేరేవాణ్ణి. వాళ్ళమ్మగారు రొట్టెలు రెండు పొట్లాలుగా కట్టేవారు. ఒకదానిలో కీమా, రెండోదానిలో టమాటా చట్నీ. నేను మాంసం తిననని ఆవిడకు ఎన్నడూ చెప్పలేదు. మొదటిసారి పళ్ళెం ముందు నా చేయి ఆగడం చూసి ఆవిడే గ్రహించారు. సంచులు భుజాన వేసుకుని చార్మినార్, పత్తర్‌గట్టి, మదీనా మీదుగా నయాపూల్ దాటి నడిచే వెళ్ళేవాళ్ళం.

మా పద్ధతి ఒకటే. రాత్రంతా బస్సులో నిద్ర, పగలంతా ఊళ్ళో తిరుగుడు. బస్టాండు కుళాయి దగ్గర ముఖం కడుక్కుని, సామాను గదిలో సంచులు పెట్టి, గోల్ గుంబజ్ చూశాం, హంపి చూశాం. మళ్ళీ చీకటి పడగానే మరో బస్సు. కిటికీ అద్దం తలకు కొట్టుకుంటూనే ఉండేది. ఒకరు నిద్రపోతే ఒకరు సంచులు కాచేవాళ్ళం. అర్ధరాత్రి దాబా దగ్గర బస్సు ఆగితే, టీ తాగడానికి లేపాలా వద్దా అని అవతలివాడి మొహంలోకి చూసేవాళ్ళం. లాడ్జి అద్దె మిగుల్చుకునే ఉపాయమని అందరి దగ్గరా గొప్పలు చెప్పుకున్నాను.

అది ఉపాయం కాదు.

2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. ఆ ఏడాది చివర మా మొదటి ప్రయాణం. ఒక ఊళ్ళో మధ్యాహ్నం లాడ్జికి వెళ్ళాం. రిజిస్టరులో నా పేరు రాశాను, తాళంచెవి చేతికిచ్చారు. తరువాత అతను రాశాడు. ఆ పేరూ, ఆ పాతబస్తీ చిరునామా చదివి గుమాస్తా తాళంచెవి తిరిగి అడిగాడు. "పొరబాటైందండీ, గదులు లేవు" అన్నాడు. ఆపైన గొంతు తగ్గించి, "మీ ఒక్కరికైతే చూస్తాను" అన్నాడు నాతో.

రెండు రాత్రుల నిద్రలేమి, కాళ్ళనొప్పులు. నేను వెంటనే కాదనలేదు. ఒక్క క్షణం ఆగాను. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ క్షణంలో నాకు మంచం కనబడింది. ఈలోగా అతను నా సంచి కూడా ఎత్తుకుని గుమ్మం దాటాడు.

"నక్కో యార్, బస్సులో పడుకుందాం. అద్దె మిగులుతుంది" అన్నాడు.

ఆ తరువాత ఏ ప్రయాణంలోనూ మేం లాడ్జి మెట్లెక్కలేదు. కారణం నాకు తెలుసు. తెలియనట్టుండటం నాకు సుఖంగా ఉండింది, అంతే.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు దాదాపు నూటయాభై మందిని తన కొమ్మల మీద నిలుపుకుంది. ఎక్కినవాళ్ళను అది పేరూ ఊరూ అడగలేదు కదా! 1932లో ఇరవైయేడు బస్సులతో మొదలైన నిజాం రోడ్డు రవాణా నుంచి నేటిదాకా, టిక్కెట్టు కొన్నవాడికి సీటివ్వడమే బస్సు ధర్మం. మా ఇద్దరినీ పక్కపక్కన పడుకోనిచ్చిన బస అదే.

2025 సెప్టెంబరు చివర మూసీ మళ్ళీ పొంగి ఇమ్లీబన్‌లోకి నీళ్ళొచ్చాయి. టీవీలో చూసి, దుబాయిలో ఉన్న అతనికి ఫోను చేశాను. "మన ప్లాట్‌ఫారం మునిగిందా?" అని అడిగాడు. ఇన్నేళ్ళకు ఆ లాడ్జి సంగతి ఎత్తి, నేను ఆగిన క్షణం గురించి చెప్పాను. కొంతసేపు మాట్లాడలేదు.

"చూశాను యార్. అందుకే నీ సంచి కూడా ఎత్తుకున్నాను" అన్నాడు.

ఈసారి వచ్చినప్పుడు బీదరు వెళ్దామనీ, గది అతని పేరునే అడుగుదామనీ అన్నాను. నవ్వాడు. "నక్కో, రాత్రి బస్సే బాగుంటుంది" అన్నాడు. బీదరుకు రాత్రంతా పట్టదని ఇద్దరికీ తెలుసు. అయినా సరేనన్నాను.